నలభై మూడో రోజు, రాత్రి తొమ్మిది

హాల్డెన్‌షాలో వాన వెలిసిందని ఎవరూ అనరు,
కాస్త సన్నబడిందంటారు.
పద్దుల గదికి ఒకటే కిటికీ,
అందులోంచి దక్షిణం స్టాండు వీపు మాత్రం కనిపిస్తుంది.
నేను ఆడిటర్ని.
బంతి ఎటు దొర్లిందో నాకక్కర్లేదు,
డబ్బు ఎటు దొర్లిందో చూసి పొమ్మని పంపారు.

పాత మైదానం అమ్మేశారు.
పెనాల్టీ చుక్క ఉండే చోట ఇప్పుడు
సూపర్‌మార్కెట్టు వాళ్ళ చేపల కౌంటరు.
కొత్తదానికి అప్పు కోటీ ఇరవై లక్షల పౌన్లు,
నూటికి ఆరు, ముప్పై ఏళ్ళు.
అప్పుచేసి పప్పుకూడంటారు మనవాళ్ళు.
ఇక్కడ పప్పు లేదు, పై ఉంది.
మా తాత లెక్కల్లో పై అంటే
అణాలో పన్నెండో వంతు, జేబులో పడితే చప్పుడైనా చెయ్యదు.
వీళ్ళ పై పొగలు కక్కే పిండిగిన్నె,
లోపల మాంసం, బంగాళాదుంప, బోలెడు మిరియాలు.
ఒక్కోదాని మీద మిగిలేది ఎనభై పెన్నీలు.

రోజు వడ్డీ పంతొమ్మిది వందల డెబ్బై రెండు పౌన్లు.
అంటే రోజూ రెండువేల నాలుగువందల అరవై అయిదు పైలు
ఎవరో ఒకరు తినాలి.
ఆటలేమో ఏడాదికి ఇరవైమూడు.
మిగతా రోజుల్లో గడ్డి పెరుగుతుంది, కోస్తారు.
వడ్డీ పెరుగుతుంది,
దాన్ని కోసే యంత్రం స్టోరు జాబితాలో కనపడలేదు.

ఒక పరుపుల కంపెనీ పదేళ్ళకి స్టేడియం పేరు కొనుక్కుంది.
ఆ పేరు బస్సు డ్రైవర్లు కూడా పలకరు.
పరుపు ఎవరికి నిద్ర తెస్తుందో గానీ
ఫైనాన్స్ డైరెక్టర్ థ్రెల్‌ఫాల్ కళ్ళకైతే తేలేదు.
పై అంతస్తు హాలు అద్దెకిస్తారు:
పెళ్ళిళ్ళు పద్నాలుగు, చావు తేనీళ్ళు ఆరు, కుక్కల ప్రదర్శన ఒకటి,
మంగళవారాలు బరువు తగ్గేవాళ్ళ సంఘం,
సరిగ్గా పైల వంటగది మీద.

తర్వాత ఇటుకల పద్దు.
నలభై పౌన్లిస్తే గోడలో ఇటుక మీద పేరు చెక్కుతారు.
రెండువేల నూట పద్నాలుగు పేర్లు,
అన్నీ వినిఫ్రెడ్ హోల్‌రాయ్డ్ ఒక్కతే టైపు చేసింది, జీతం లేకుండా.
రిటైరైన నర్సులు, మూతపడ్డ మిల్లు ఫోర్‌మన్లు,
‘రస్టీ, మంచి కుక్క’,
ఒకచోట ‘పాప క్రాషా’, కింద తేదీలకు బదులు
‘ఒక మధ్యాహ్నం’.
అప్పు పత్రాల మీద సంతకాలయిన రోజున
వీళ్ళంతా ఆటలో అరటిపండ్లు.
అరటిపండు దగ్గర మాత్రం నలభై పౌన్లు వసూలు చేశారు.

పెన్సిలుతో అంచున భాగించి చూశాను.
చెయ్యకుండా ఉండాల్సింది.
బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ కలిసి
వడ్డీని ఆపింది నలభై రెండు రోజులు,
నలభై మూడో రోజు రాత్రి తొమ్మిదింటి దాకా.

వినిఫ్రెడ్ టీ తెచ్చి అడిగింది,
ఇటుకలు అక్కరకొచ్చాయా అని.
పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అంకె దాచలేదు నేను.
చెప్పాను.
ఆమె కాసేపు కప్పు తిప్పుతూ కూర్చుంది.
“రాత్రి ఆటయితే తొమ్మిదింటికి రెండో సగం నడుస్తుంటుంది,” అంది.
“మా క్లిఫ్ ఏనాడూ మధ్యలో లేచి రాలేదు.”

సాయంత్రం రిపోర్టులో ఆ పేరా రాశాను,
సంస్థ ఇలాగే కొనసాగగలదా అన్నదానిపై
చెప్పుకోదగ్గ సందేహం ఉన్నదని.
ఆ వాక్యం నాది కాదు, ప్రమాణాల పుస్తకానిది.
కామా కూడా మార్చనివ్వరు.

ఆ రాత్రి ఆట ఉంది.
ఆడిటరు ఇటుక కొనకూడదు, రూలు.
గేటు పక్క కొట్లో ఒక పై కొన్నాను,
నాలుక కాలింది.
గోడ మీద వాన ఒక్కో పేరునూ తడిమి దిగుతోంది.
లోపల ఎవరో గోలు పోగొట్టుకున్నారు,
నాలుగువేల గొంతులు ఒక్కసారి కిందికి జారాయి.
చిల్లర తీసుకోలేదు.
రసీదూ అడగలేదు.